క్యూబా ప్రైవేటు వ్యాపారి నుంచి సరుకు తెప్పించడం ఎలా: విశాఖ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

ఏటికొప్పాక లక్క బొమ్మలను న్యూజెర్సీకి పంపే పెద్దాయన ఒకరు పోయిన వేసవిలో పోర్టు ఏరియాలోని మా ఆఫీసుకు వచ్చారు. సంచిలోంచి ఒక చెక్క కోడిపుంజును తీసి బల్ల మీద పెట్టారు. అది ఏటికొప్పాకది కాదు. రంగు మందంగా ఉంది, కుంచె గీతలు కనిపిస్తున్నాయి, తోక దగ్గర చెక్క పొరలు లేచి ఉన్నాయి. క్యూబా రాజధాని హవానా వెళ్ళొచ్చిన స్నేహితురాలు న్యూజెర్సీలో దుకాణం నడుపుతున్న ఆయన కూతురికి కానుకగా ఇచ్చిందట.

"ఇలాంటివి రెండు వందలు తెప్పిస్తే మన బొమ్మల పక్కన పెట్టి అమ్ముకుంటానంటోందండీ మా అమ్మాయి. క్యూబా మీద ఆంక్షలున్నాయి గానీ ప్రైవేటు వాళ్ళ దగ్గర కొంటే ఫరవాలేదట. నిజమేనా?"

నిజమే. కానీ ఆ "ప్రైవేటు వాళ్ళు" అన్న రెండు మాటల వెనక ఎంత కాగితం ఉందో చెప్పేసరికి మధ్యాహ్నమైంది. కస్టమ్స్ బ్రోకరుగా నా పని సరుకు కాగితాలు చూడటం. ఇక్కడ మాత్రం సరుకు కంటే ముందు మనిషి కాగితాలు చూడాలి. ఆ రోజు ఆయనకు చెప్పినవే కాస్త వరుసలో పెట్టి రాస్తున్నాను. అమెరికాలో దుకాణమున్న మన పిల్లలకు ఇది ఎక్కువగా పనికివస్తుంది. నేరుగా విశాఖ రేవులో దించుకోవాలనుకునేవారి సంగతి చివర్లో ఉంది. వారి దారి వేరు.

అసలు ఈ సడలింపు ఏమిటి

క్యూబా సరుకుకు అమెరికా తలుపు మూసింది 1962 ఫిబ్రవరిలో, కెనెడీ అధ్యక్షుడిగా ఉండగా. 1963 జూలైలో వచ్చిన నియమావళినే సవరణల మీద సవరణలతో ఈనాటికీ నడుపుతున్నారు. 515వ భాగం అని దానికి పేరు. దాన్ని అమలుచేసేది అమెరికా ట్రెజరీలోని విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం. వ్యాపారులంతా ఓఫాక్ అనే అంటారు. 1996లో హెల్మ్స్-బర్టన్ చట్టం వచ్చాక ఆంక్షలను మొత్తంగా ఎత్తివేయడం ఏ అధ్యక్షుడి చేతిలోనూ లేకుండా పోయింది. అక్కడక్కడా అనుమతులిచ్చి వెసులుబాటు కల్పించడమొక్కటే మిగిలింది.

2014 డిసెంబరు 17న అమెరికా అధ్యక్షుడు ఒబామా, క్యూబా అధ్యక్షుడు రౌల్ కాస్ట్రో ఇద్దరూ సంబంధాలు పునరుద్ధరిస్తున్నామని ప్రకటించారు. 2015 జనవరిలో నియమావళిలో 515.582 అనే సెక్షను చేరింది, ఫిబ్రవరి 13న అమెరికా విదేశాంగ శాఖ దానికి అనుబంధంగా జాబితా విడుదల చేసింది. క్యూబా ప్రభుత్వంతో సంబంధం లేని స్వతంత్ర వ్యాపారి తయారుచేసిన సరుకై ఉండి, ఆ జాబితా కాదనకుండా ఉంటే, దాన్ని అమెరికాకు తెచ్చుకోవచ్చు. ముందుగా ఎవరికీ దరఖాస్తు పెట్టనక్కర్లేదు, ఫీజు లేదు, ముద్ర లేదు.

ముద్ర లేదనగానే మన వాళ్ళకు హాయిగా ఉంటుంది. నాకు భయంగా ఉంటుంది. ముద్ర వేసే అధికారి ఉంటే తప్పు ఆ రోజే బయటపడుతుంది. ఇక్కడ మీరే అధికారి, మీరే గుమాస్తా. తప్పు బయటపడేది ఏళ్ళు గడిచాక, మీరు ఆ బొమ్మలను మరిచిపోయాక.

ఈ "స్వతంత్ర" పరీక్షను మన ఊరి లెక్కలో చూద్దాం. ఏటికొప్పాకలో ఇంటి వసారాలో లేత్ మీద అంకుడు కర్ర తిప్పి లక్క అద్దే కళాకారుడు ఈ పరీక్షలో నెగ్గుతాడు. అదే మనిషి ఏదైనా ప్రభుత్వ కార్పొరేషను వర్క్‌షాపులో నెలజీతానికి అదే బొమ్మ చేస్తే నెగ్గడు. చెయ్యి అదే, కర్ర అదే, రంగు అదే. మరొకటి చూడండి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే. పేరులో సహకారం ఉన్నా అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. అరకు రైతు పండించిన గింజ స్వతంత్రుడిదే. కానీ సంస్థ దాన్ని కొని, వేయించి, పొడిచేసి, తన పేరుతో పొట్లం కట్టాక ఆ పొట్లం ఎవరి ఉత్పత్తి? ఇలాంటి ప్రశ్న క్యూబా సరుకులో అడుగడుగునా వస్తుంది. ప్రభుత్వానికి పూర్తిగా గానీ, కొంతమేర గానీ యాజమాన్యమో అదుపో ఉండకూడదన్నది నిబంధన. ఆ "కొంతమేర" అన్న మాట దగ్గరే చాలామంది కాలు జారుతుంది.

మొదటి అడుగు: ముందు మీరెవరో తేల్చుకోండి

అమెరికా పౌరులు ఎక్కడున్నా ఈ నియమావళి కిందికే వస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవారూ అంతే. వీసా ఏదైనా, చుట్టపుచూపుగా వెళ్ళినా, అమెరికా నేల మీద ఉన్నంతసేపు మీరూ దాని కిందే. అక్కడ నమోదైన కంపెనీల సంగతి చెప్పనక్కర్లేదు.

మన ఊళ్ళో ఎవరూ పట్టించుకోనిది ఆ తర్వాతి వాక్యం. అమెరికా వారి యాజమాన్యంలోనో అదుపులోనో ఉన్న కంపెనీ ప్రపంచంలో ఎక్కడ ఉన్నా ఈ నియమావళికి లోబడాలి. ఎంవీపీ కాలనీలో ఆఫీసు, సీతమ్మధారలో గోడౌను, జీఎస్టీ ఆంధ్రప్రదేశ్‌ది. కానీ అరవై శాతం వాటా అమెరికా పౌరుడైన తమ్ముడిది. క్యూబా విషయంలో ఆ కంపెనీ అమెరికా కంపెనీ లెక్కే. వేరే దేశాల మీద పెట్టిన ఆంక్షలు చాలావరకు ఇంత దూరం రావు. క్యూబా, ఇరాన్ నియమాలు మాత్రం వస్తాయి. 515.582 రాసింది అమెరికాలోకి వచ్చే సరుకును దృష్టిలో పెట్టుకుని కాబట్టి, ఇలాంటి కంపెనీ దాన్ని చూపించి విశాఖలో సరుకు దించుకుందామనుకుంటే ముందు అమెరికా ఆంక్షల చట్టం తెలిసిన న్యాయవాదిని అడగాలి. నన్ను అడిగినా అదే చెబుతాను.

వాటాదారుల పట్టిక తీసి బల్ల మీద పెట్టుకోండి. అందులో విదేశీ పౌరసత్వాలు గుర్తుపెట్టుకోండి. పావుగంట పని.

రెండో అడుగు: సరుకు ఏ శీర్షిక కిందికి వస్తుంది

విదేశాంగ శాఖది నిషేధ జాబితా. అందులో ఉన్నవి తేకూడదు, లేనివి తెచ్చుకోవచ్చు. జాబితాను సుంకాల పట్టికలోని విభాగాల ప్రకారం రాశారు కాబట్టి హెచ్‌ఎస్ కోడ్ (సుంకాల కోసం ప్రతి రకం సరుకుకూ ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) తెలియకుండా అడుగు ముందుకు పడదు. జంతువులు, జంతు ఉత్పత్తులు, ఆహార పదార్థాలు, మద్యం, పొగాకు, ఖనిజాలు, యంత్రాలు, వాహనాలు, ఆయుధాలు దాదాపుగా మినహాయింపు లేకుండా నిషేధం. అంటే క్యూబా అనగానే గుర్తొచ్చే చుట్ట, రమ్ము రెండూ కుదరవు, అవి ఎంతటి స్వతంత్రుడి చేతి నుంచి వచ్చినా. 2016 ఏప్రిల్‌లో జాబితాను సవరించి కాఫీకి, వస్త్రాలకు దారి వదిలారు. తేనెకు మాత్రం వదల్లేదు. కొండ మీద కాఫీ పండించేవాడు అమ్ముకోవచ్చు, అదే తోటలో తేనెటీగలు పెంచేవాడు అమ్ముకోలేడు. ఇందులో తర్కం వెతక్కండి, పట్టిక చదవండి.

ఇక మన కోడిపుంజు. ఆ ఒక్క బొమ్మకు మూడు శీర్షికలు వర్తించే అవకాశం ఉంది. శిల్పి చెక్కిన అసలైన కళాఖండమైతే 9703. అప్పుడు ఈ సెక్షనుతో పనే లేదు, ఎందుకంటే 1988లో వచ్చిన బెర్మన్ సవరణ, దాని తర్వాతి మార్పుల పుణ్యమా అని పుస్తకాలు, సంగీతం, కళాఖండాల వంటివి ఆంక్షల పరిధి నుంచే బయటపడ్డాయి. ఇంట్లో అలంకారానికి పెట్టుకునే చెక్క బొమ్మ అయితే 4420. పిల్లలు ఆడుకునేదైతే 9503. పెద్దాయన ముఖం మొదటి శీర్షిక వినగానే వెలిగింది. "కళే కదండీ!" అన్నారు. కళే, కానీ ఒకేలాంటివి రెండు వందలు చేయించి దుకాణంలో అమ్మేదాన్ని సుంకాల పట్టిక శిల్పమనదు, వాణిజ్య తరహా హస్తకళ అంటుంది. చేత్తో రంగులు వేసినంత మాత్రాన చిత్రలేఖనమూ అయిపోదు. చేత్తో అలంకరించిన తయారీ వస్తువులను 9701 శీర్షిక పేరు పెట్టి మరీ బయటికి నెట్టింది. కాబట్టి 4420, లేదా 9503. రెండింటికీ నిషేధం లేదు. ఏది ఎంచుకోవాలన్నది ఆరో అడుగులో డబ్బుల ప్రశ్నగా తిరిగొస్తుంది.

జాబితా ఎప్పుడైనా మారవచ్చు. బేరం కుదిరిన రోజున ఒకసారి, సరుకు ఓడ ఎక్కే ముందు మరొకసారి విదేశాంగ శాఖ వెబ్‌సైటులో చూసి, తేదీ కనిపించేలా ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

మూడో అడుగు: అమ్మేవాడి కాగితాలు

పనంతా ఇక్కడే ఉంది. నియమావళి దిగుమతిదారును అడిగేది ఒక్కటే: ఈ మనిషి స్వతంత్రుడని చూపే రాతపూర్వక ఆధారం. వ్యక్తి అయితే, సొంతంగా పని చేసుకోవడానికి క్యూబా ప్రభుత్వమిచ్చిన లైసెన్సు నకలు. సంస్థ అయితే, అందులో ప్రభుత్వ వాటా గానీ అదుపు గానీ లేదని చూపే పత్రాలు.

క్యూబాలో మీకు ఎదురయ్యే అమ్మకందార్లు మూడు రకాలు. సొంతంగా పని చేసుకునే వ్యక్తిని అక్కడ క్వెంటాప్రోపిస్తా అంటారు. మన బొమ్మల కళాకారుడు ఈ కోవలోకే వస్తాడు. రెండోది సహకార సంఘం. మూడోది 2021 ఆగస్టులో వచ్చిన శాసనంతో పుట్టిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థ. స్పానిష్ పొడి అక్షరాలు కలిపి మిపీమె అని పిలుస్తారు. పది మంది వరకు సూక్ష్మం, 35 వరకు చిన్నది, 100 వరకు మధ్యతరహా. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మిపీమె అన్నంత మాత్రాన ప్రైవేటు కాదు. ఆ శాసనం కింద ప్రభుత్వ యాజమాన్యంలోని మిపీమెలు కూడా ఉన్నాయి. మన గిరిజన సహకార సంస్థ పేరులోని సహకారం లాంటిదే ఇదీ.

అందుకని సంస్థ అయితే నోటరీ ముందు రాసుకున్న స్థాపన పత్రం నకలు అడగండి. ప్రైవేటు మిపీమెలు పరిమిత బాధ్యత కంపెనీలుగా ఏర్పడతాయి, భాగస్తుల పేర్లు, వాటాలు ఆ పత్రంలో ఉంటాయి. వాణిజ్య రిజిస్ట్రీలో నమోదైన ఆధారం కూడా జతచేయించుకోండి. స్పానిష్‌లో ఉన్నవాటిని అనువాదం చేయించి, అనువాదకుడి సంతకంతో పెట్టుకోండి. ఫోన్లో తీసిన మసక ఫొటో పంపి "ఇదే లైసెన్సు" అంటే ఒప్పుకోవద్దు. పేరు, నంబరు, కార్యకలాపం పేరు స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. లైసెన్సులో రాసిన పనికి, మీరు కొనే వస్తువుకు పొంతన ఉండాలి. బట్టలు కుట్టే లైసెన్సు చూపించి చెక్క బొమ్మలు అమ్మితే, ఆ బొమ్మలు ఇంకెవరివో అని అర్థం.

2024 మే నెలలో ఓఫాక్ స్వతంత్ర వ్యాపారి అన్న నిర్వచనాన్ని సవరించి, వంద మంది వరకు ఉన్న ప్రైవేటు సంస్థలను, సహకార సంఘాలను స్పష్టంగా చేర్చింది. దాంతోపాటు క్యూబా ప్రభుత్వంలోని, కమ్యూనిస్టు పార్టీలోని నిర్దిష్ట స్థాయి పెద్దలను ఈ నిర్వచనం నుంచి తప్పించింది. కాబట్టి భాగస్తులెవరూ ఆ కోవకు చెందరని అమ్మకందారు చేత ఒక ప్రకటన రాయించుకుని సంతకం తీసుకోండి. ఒక్క పేజీ చాలు.

మరి మధ్యలో ప్రభుత్వ ఎగుమతి సంస్థ వస్తే? తప్పకుండా వస్తుంది. క్యూబాలో ప్రైవేటు వ్యాపారుల ఎగుమతి, దిగుమతులు సాగుతూ వచ్చింది ప్రభుత్వ విదేశీ వాణిజ్య సంస్థల ద్వారానే. ఈ సడలింపు కింద వచ్చిన తొలి సరుకుతోనే అలా జరిగింది, దాన్ని కాస్త దగ్గరగా చూడటం మంచిది.

క్యూబాలో చెరకు సాగు తగ్గి, పశువుల మేత బీళ్ళు వదిలేశాక మరబూ అనే ముళ్ళ చెట్టు ఆ నేలలను కమ్మేసింది. అది అక్కడిది కాదు. మన మెట్ట భూముల్లో, గుట్టల మీద కనిపించే వెలుతురు చెట్టే అది. సగం గులాబీ రంగు, సగం పసుపు రంగు పూల కుచ్చులు వేలాడుతుంటాయి. కర్ర గట్టిది, బొగ్గు బాగా కాలుతుంది. రైతుల సహకార సంఘాలు దాన్ని నరికి, మట్టి కప్పి, రోజుల తరబడి కాల్చి బొగ్గు చేశాయి. 2017 జనవరిలో 40 టన్నుల మరబూ బొగ్గు ఫ్లోరిడాలోని పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్‌కు వచ్చింది, టన్ను 420 డాలర్ల చొప్పున. అర్ధ శతాబ్దానికి పైగా గడిచాక ఆంక్షలు దాటి వచ్చిన తొలి వాణిజ్య సరుకుగా దాన్ని చెప్పుకున్నారు. కోఅబానా ట్రేడింగ్ అనే అమెరికా సంస్థ ఒప్పందం కుదుర్చుకున్నది క్యూబాఎక్స్‌పోర్ట్ అనే ప్రభుత్వ సంస్థతో. అయినా కుదిరింది, ఎందుకంటే బొగ్గు కాల్చిన చేతులు సహకార సంఘాలవి.

అంటే మధ్యవర్తి ఎవరన్నదాని కంటే తయారుచేసింది ఎవరన్నది ముఖ్యం. అలాగని మధ్యవర్తి పేరు చూడకుండా వదలకూడదు. 2017 నవంబరు నుంచి క్యూబా సైన్యంతో, భద్రతా సంస్థలతో ముడిపడిన కంపెనీలకు వేరే నిషిద్ధ జాబితా ఉంది. 2025 జనవరిలో దాన్ని బైడెన్ ప్రభుత్వం తీసేసింది, రోజుల్లోనే ట్రంప్ ప్రభుత్వం మళ్ళీ పెట్టింది. గోడౌను ఎవరిది, రవాణా ఎవరిది, ఎగుమతి సంస్థ ఏది, డబ్బు ఏ ఖాతాకు వెళుతుంది: ప్రతి పేరునూ కాగితం మీద రాయించుకుని ఆ జాబితాతో సరిపోల్చండి.

నాలుగో అడుగు: డబ్బు

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత పుట్టింది బ్యాంకులను చూసేనేమో. చట్టం ఒప్పుకున్న చెల్లింపును కూడా బ్యాంకు వద్దనవచ్చు, అది దాని హక్కు. భయానికి కారణం లేకపోలేదు. సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల విషయంలో 2014లో బీఎన్‌పీ పారిబా బ్యాంకు నేరాన్ని అంగీకరించి దాదాపు 890 కోట్ల డాలర్లు కట్టింది. ఆ అంకె విన్న తర్వాత రెండు వందల బొమ్మల మీద వచ్చే కమీషను కోసం ఏ బ్యాంకు మేనేజరూ తల దూర్చడు.

నాకు తెలిసిన ఒక తోలు వ్యాపారికి ఆరేళ్ళ కిందట జరిగింది చెబుతాను. ఆయన సరుకుకు క్యూబాతో ఏ సంబంధమూ లేదు. ఇన్వాయిసులో తోలు రంగు పేరు "హవానా బ్రౌన్" అని రాసి ఉంది. యూరప్ కొనుగోలుదారు పంపిన డాలర్లు మధ్యలో ఏదో ఒక బ్యాంకులో ఆగిపోయాయి. రంగు పేరు రంగు పేరేనని నిరూపించడానికి తోలు ముక్క ఫొటోలు, రంగుల పట్టిక, వివరణ లేఖ అన్నీ పంపితే ఐదు వారాలకు వచ్చాయి. ఇప్పుడాయన ఆ రంగును ముదురు గోధుమ అంటున్నారు. పేరుకే ఇంత జరిగితే నిజంగా హవానాకే డబ్బు పంపేటప్పుడు సంగతి ఏమిటో ఊహించుకోండి.

అందుకే ఆర్డరు ఇచ్చే ముందే బ్యాంకుకు లేఖ రాయండి. ఏ సెక్షను కింద, ఏ సరుకు, ఎవరి నుంచి, ఎంత మొత్తం, ఏ ఖాతాకు అన్నవి ఒక పేజీలో పెట్టి, లైసెన్సు నకలు జతచేసి, "ఈ చెల్లింపు మీరు చేయగలరా" అని రాతపూర్వకంగా అడగండి. కౌంటరులో గుమాస్తా తలూపడం జవాబు కాదు. నిబంధనలను చూసే విభాగం నుంచి ఈమెయిలు రావాలి. అది రాకపోతే అడ్వాన్సు ఒక్క డాలరు కూడా పంపవద్దు.

2024 మే సవరణతో క్యూబా స్వతంత్ర వ్యాపారులు అమెరికా బ్యాంకుల్లో ఖాతా తెరిచి, దాన్ని దూరం నుంచే వాడుకునే వీలు కలిగింది. మీ అమ్మకందారుకు అలాంటి ఖాతా ఉంటే సగం తలనొప్పి తగ్గినట్టే. ఉందో లేదో మొదటి ఉత్తరంలోనే అడగండి.

ఐదో అడుగు: ఓడ

క్యూబా రేవుకు వెళ్ళిన ఓడ అక్కడి నుంచి బయలుదేరాక 180 రోజుల పాటు అమెరికా రేవుల్లో సరుకు ఎక్కించకూడదు, దించకూడదు. అనుమతించిన వాణిజ్యానికి మినహాయింపులున్నాయి. అయినా మామూలు ఓడ కంపెనీలు ఆ గొడవలోకి రావు. ఆచరణలో మీకు పనికొచ్చేది ఫ్లోరిడా నుంచి క్యూబాకు గడ్డకట్టించిన కోడిమాంసం తీసుకెళ్ళే ఓడలు. అవి తిరిగొచ్చేటప్పుడు కంటైనర్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి చిన్న సరుకుకు కూడా బేరం కుదరవచ్చు. క్యూబా వైపు కంటైనర్ల పని 2014లో మొదలైన మరియెల్ టెర్మినల్‌లో జరుగుతుంది. బీమా పాలసీలో ఆంక్షల మినహాయింపు క్లాజు (ఆంక్షలు అడ్డొస్తే పరిహారం ఇవ్వమనే షరతు) ఉందేమో చూసుకోండి, దాదాపు అన్నింట్లోనూ ఉంటుంది. ప్యాకింగుకు వాడిన చెక్క పెట్టెలకు వేడి శుద్ధి ముద్ర ఉండాలని అమ్మకందారుకు ముందే చెప్పండి. బొమ్మలు సరిగ్గా ఉండి పెట్టె ముద్ర లేక ఆగిన సరుకులను మన రేవులోనే చూశాను.

ఆరో అడుగు: అమెరికా కస్టమ్స్ దగ్గర

క్యూబాకు అమెరికా సుంకాల పట్టికలో రెండో వరుస రేట్లు వర్తిస్తాయి. మామూలు వాణిజ్య సంబంధాలు లేని కొద్ది దేశాలకు పెట్టిన వరుస అది. కొన్ని వస్తువులకు రెండు వరుసల్లోనూ తేడా ఉండదు, కొన్నింటికి రెండో వరుసలో సుంకం ఎన్నో రెట్లు ఉంటుంది. కోడ్ తేలగానే ఆ అంకె చూసి, పైన వేరే అదనపు సుంకాలేమైనా పడుతున్నాయేమో బ్రోకరును అడిగి, ఆ తర్వాతే ధర మాట్లాడండి. చిన్న పార్శిళ్ళుగా పంపించుకుంటే తప్పుతుందనుకోవద్దు; 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ పోయింది.

ఇప్పుడు కోడిపుంజు మళ్ళీ వస్తుంది. దాన్ని పిల్లల ఆటబొమ్మగా తెస్తే రంగులో సీసం ఎంతుందో గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి, దిగుమతిదారు ధ్రువపత్రం తయారుచేయాలి. రెండు వందల బొమ్మల లాభం ఆ పరీక్షలకే సరిపోతుందేమో. అలంకార వస్తువుగా తెస్తే ఆ మోత తగ్గుతుంది. కానీ కాగితం మీద అలంకారమని రాసి, దుకాణంలో పిల్లల అలమరాలో పెడితే అది మోసమే. ఏ అలమరాలో పెడతారో ముందు నిర్ణయించుకోండి, కోడ్ దాన్ని బట్టి వస్తుంది.

విశాఖ రేవులో దించుకోవాలంటే

క్యూబా మీద భారతదేశం ఆంక్షలేవీ పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 1992 నుంచి ఏటా వచ్చే, అమెరికా ఆంక్షలను ఎత్తివేయాలన్న తీర్మానాన్ని భారత్ బలపరుస్తూనే వచ్చింది. కాబట్టి అమెరికా వాటాదారులెవరూ లేని విశాఖ కంపెనీకి 515.582తో గానీ, అమ్మేవాడు ప్రైవేటా కాదా అన్నదానితో గానీ మన చట్టం ప్రకారం పని లేదు. ఐఈసీ నంబరు (దిగుమతి, ఎగుమతిదారుల కోడ్), బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన), సుంకం, దిగుమతి మీద పడే ఐజీఎస్టీ అన్నీ మామూలే. కంటైనరు ఎక్కడో ఒకచోట ఓడ మారి, కొలంబో మీదుగానో సింగపూరు మీదుగానో మన కంటైనర్ టెర్మినల్‌కు చేరుతుంది.

చిక్కు డబ్బు దగ్గరే. డాలర్లలో పంపితే ఆ డబ్బు న్యూయార్కు బ్యాంకు ఒకటి దాటాలి. రెండు చివరలూ అమెరికా బయటే ఉన్న ఇలాంటి చెల్లింపులను యూ టర్న్ అంటారు. 2016లో వాటిని అనుమతించారు, 2019లో తీసేశారు, 2024 మేలో మళ్ళీ ఇచ్చారు. చట్టం ఒప్పుకున్నా బ్యాంకు ఒప్పుకోవాలన్నది ఇక్కడా అంతే. యూరోల్లో పంపగలరేమో మీ బ్యాంకును అడగండి. దిగుమతి చెల్లింపునూ బిల్ ఆఫ్ ఎంట్రీనీ మన బ్యాంకులు రిజర్వు బ్యాంకు కంప్యూటర్ వ్యవస్థలో జతపరచాలి కాబట్టి, వేరే దేశంలోని స్నేహితుడి ఖాతా నుంచి కట్టించి సరుకు మీ పేరున దించుకుంటే రెండు చోట్లా దొరికిపోతారు.

సరుకు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. కాఫీ తెప్పించకండి. బేసిక్ కస్టమ్స్ సుంకమే నూరు శాతం, మొక్కల దిగ్బంధ అనుమతి వేరే, పైగా అరకు మనకు పక్కనే ఉంది. ఆటబొమ్మలకు 2021 నుంచి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ముద్ర తప్పనిసరి. హవానా కళాకారుడు ఆ ముద్ర తెచ్చుకునేదెప్పుడు?

ఇంకొందరు తెలివిగా అడుగుతుంటారు: విశాఖకు దించి, మన పెట్టెలో పెట్టి, మన ఊరి సరుకుగా అమెరికాకు పంపితే? కుదరదు. క్యూబాలో తయారైనదే కాదు, క్యూబా మీదుగా వచ్చినదీ, క్యూబా ముడిసరుకు కొంతైనా కలిసినదీ నిషేధమే. క్యూబా నికెల్ కలిసిందన్న అనుమానంతో ఇతర దేశాల లోహ వస్తువులను కూడా అమెరికా అడ్డుకున్న రోజులున్నాయి. పెట్టె మారిస్తే పుట్టిన ఊరు మారదు.

ఫైలు, ఒప్పందం

ఓఫాక్ రికార్డులు ఐదేళ్ళు దాచాలన్న నిబంధన 2025 మార్చి 12 నుంచి పదేళ్ళయింది. లైసెన్సు నకలు, అనువాదం, ప్రకటన, జాబితా ప్రింటు, బ్యాంకు ఈమెయిలు, ఇన్వాయిసు, ఓడ రసీదు, కస్టమ్స్ ఎంట్రీ అన్నీ ఒకే ఫైల్లో. కంప్యూటర్లో ఒక ప్రతి, వేరేచోట మరొకటి. దుకాణం అమ్మేసినా ఫైలు మాత్రం అమ్మిన వాళ్ళకు ఇచ్చేయకండి.

చివరిగా ఒప్పందంలో ఒక క్లాజు. ఇరాన్ తివాచీలు, పిస్తాలు అమెరికాలోకి రావచ్చని 2016 జనవరిలో అన్నారు. 2018 ఆగస్టుకల్లా ఆ అనుమతి పోయింది, మగ్గం మీద సగంలో ఉన్న తివాచీకి అడ్వాన్సు ఇచ్చినవాళ్ళ సంగతి ఏమైందో ఎవరికి తెలుసు. అందుకని అనుమతి రద్దయితే ఒప్పందం అక్కడితో ఆగిపోతుందని, ఓడ ఎక్కని సరుకుకు ఇచ్చిన డబ్బు తిరిగి వస్తుందని, ఆ తిరిగొచ్చే దారి ఏ బ్యాంకు ద్వారా అన్నది కూడా రాసుకోండి. డబ్బు పంపే దారి మూసుకుపోతే తిరిగొచ్చే దారీ మూసుకుపోతుంది కాబట్టి, అడ్వాన్సు పోయినా ఏడవనంత మొత్తానికే పరిమితం చేయండి.

పెద్దాయన కూతురు రెండు వందలకు బదులు పన్నెండు బొమ్మలకు ఉత్తరం రాసింది, అలంకార వస్తువులుగా. హవానా నుంచి లైసెన్సు నకలు వచ్చింది. కళాకారుడి పేరు, నంబరు స్పష్టంగా ఉన్నాయి, కార్యకలాపం దగ్గర వడ్రంగం అని ఉంది. రంగులు వేసేది ఎవరని అడిగితే, పక్క వీధిలో ఉండే తన చెల్లెలని జవాబిచ్చాడు. ఆవిడ లైసెన్సు కూడా పంపమని రాశాం.